అరవై ఒకటి నాటి వాసన

1978 మార్చి. బోర్డోలో నాలుగు రోజులుగా వాన విడవడం లేదు. దుర్సేగ్ ద్రాక్షతోటల యజమాని ఎద్మోఁ లెస్కార్ తడిసిన టోపీతోనే వచ్చి డిటెక్టివ్ ఒదిల్ కస్తెరా ఎదుట కూర్చున్నాడు.

తాము వైన్ నిలవచేసే నేలమాళిగలోని నల్ల పుస్తకం పోయిందన్నాడు. ఏ ఏటి వైన్ ఎలా ఉందో, అది ఏటేటా ఎలా మారుతోందో మూడు తరాలుగా అక్కడి పెద్ద పనివాళ్ళు రుచి చూసి అందులో రాస్తున్నారు. గురువారం వర్తకులు వచ్చి 1961 నాటి వైన్ రుచి చూస్తారు. వాళ్ళ ముందు ఆ పుస్తకం చివరిదాకా చదివి వినిపిస్తానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

"తీసింది మా అన్న కూతురు సోలాంజే. నేలమాళిగ తనకప్పగించమని రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తోంది. ఆడపిల్లకి అక్కడేం పనండీ?"

చివరి పేజీల్లో ఏముందని ఒదిల్ అడిగింది. తానెప్పుడూ ఆ పుస్తకం తెరవలేదనీ, అది నేలమాళిగ పెద్ద పనివాడు అన్సెల్మ్ చూసుకునే వ్యవహారమనీ ఆయన విసుక్కున్నాడు.

ఒదిల్ తెలివి మీద ఆమె సహాయకుడు ఫిర్మాఁకి గురి ఎక్కువ. సాయంత్రానికల్లా తేలిపోతుందనుకున్నాడు. ఇద్దరూ దుర్సేగ్‌లో రెండు రోజులు గడిపినా ఏదీ తేలలేదు. ముప్ఫై ఏళ్ళ సోలాంజ్ ఏమడిగినా "నాకు తెలీదు" అనే అంది. యజమాని గంటకోసారి వచ్చి ఇంకా పట్టుకోలేదా అని సతాయించాడు. పాతికేళ్ళుగా నేలమాళిగ చూస్తున్న అన్సెల్మ్ బార్బెరూస్ మర్యాదస్థుడే కానీ, ఏ ప్రశ్న వేసినా 1961 మే నెల చలికి పూత ఎలా రాలిందో, ఆగస్టులో చినుకు లేక మిగిలిన కాసిని గుత్తులు ఎలా చిక్కబడ్డాయో చెప్పేవాడు.

"ఈ ఇంట్లో వాతావరణం తప్ప ఇంకేమీ దొరకదురా" అని ఒదిల్ నోటుపుస్తకం విసిరికొట్టింది.

బుధవారం మధ్యాహ్నం అన్సెల్మ్ వాళ్ళని భోజనానికి పిలిచాడు. మాటల్లో ఉండగా అతని పక్కనే పొయ్యి మీద పాలు మాడి గది నిండా కంపు కొట్టింది. ఫిర్మాఁ పరిగెత్తి గిన్నె దించేదాకా ముసలాయన కదల్లేదు. తరవాత 1961 సీసా ఒకటి తెరిచాడు. గ్లాసులోంచి తడిగోనె వాసన వచ్చింది. ఒదిల్ మొహం చిట్లించింది. అన్సెల్మ్ మాత్రం గ్లాసులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, "దేవదారు పెట్టె, నల్ల చెర్రీ, చివర్లో ఎండిన పొగాకు" అన్నాడు. యజమాని పరువు కాపాడుతున్నాడని ఒదిల్ అనుకుంది.

ఆ సాయంత్రం పెద్ద హాల్లో గోడకు వేలాడుతున్న ఒక పటం ముందు ఆమె చాలాసేపు నిలబడిపోయింది. 1966లో జరిగిన విందు తాలూకు అచ్చుకాగితం అది. 1961 వైన్ గురించి అన్సెల్మ్ అన్న మాటలు అందులో వేశారు: దేవదారు పెట్టె, నల్ల చెర్రీ, చివర్లో ఎండిన పొగాకు.

గురువారం పొద్దున్నే ఆమె ఒంటరిగా అన్సెల్మ్ దగ్గరికి వెళ్ళింది. పుస్తకం ఇచ్చేస్తే ఏదో అరలో దొరికిందని చెబుతానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంతలో యజమాని సోలాంజ్ మీద పోలీసులకు ఫోన్ చేశాడని ఫిర్మాఁ వచ్చి చెప్పాడు. ఒదిల్‌కి ఇక వేరే దారి లేకపోయింది. అందరినీ హాల్లోకి పిలిచింది.

"వైన్ ప్రాణమున్న వస్తువు" అందామె. "పన్నెండేళ్ళలో అది మారుతుంది. మాటలు మాత్రం అవే ఉన్నాయి. పైగా నిన్న తెరిచిన సీసా చెడిపోయింది. పక్కనే పాలు మాడితే ఆయనకి తెలియలేదు. అన్సెల్మ్‌గారికి వాసన పోయింది లెస్కార్‌గారూ. పుస్తకం దాచింది ఆయనే. ఎందుకు దాచారో, ఎక్కడ దాచారో ఆయనే చెప్పాలి."

అన్సెల్మ్ బయటికి వెళ్ళి, ఖాళీ పీపాలోంచి పుస్తకం తీసుకొచ్చి యజమాని ముందు పెట్టాడు. చివరి రెండేళ్ళ పేజీల్లో ప్రతి రాత కిందా ఒకటే మాట ఉంది: సోలాంజ్ చెప్పగా రాశాను.

రెండేళ్ళ కిందటి చలికాలంలో జ్వరం వచ్చి వాసన పోయిందన్నాడు. ఏ పీపాలో వైన్ దేనితో కలపాలో అప్పట్నుంచీ ఆ అమ్మాయే చెబుతోంది. నోరు విప్పొద్దని తానే ఒట్టు వేయించుకున్నాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?" అన్నాడు లెస్కార్.

"చెబితే నన్ను ఇంటికి పంపేవారు, ఆమెని గడప తొక్కనిచ్చేవారు కాదు. చెరిపేద్దామంటే, ఆ పుస్తకంలో అబద్ధం రాయలేను. అందుకే దాచాను."

"నువ్వు నన్ను దొంగన్నావు బాబాయ్" అంది సోలాంజ్. లెస్కార్ ఆమె వైపు చూడలేదు.

వాకిట్లో కార్లు ఆగాయి. ఏడుగురు వర్తకులు గొడుగులు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. లెస్కార్ పుస్తకం చటుక్కున మూసి కోటు సర్దుకున్నాడు. అన్సెల్మ్‌కి జలుబు చేసిందనీ, ఈ ఒక్కరోజుకీ తమ అమ్మాయి సాయం చేస్తుందనీ నవ్వు తెచ్చుకుని చెప్పాడు.

మూడు రోజులు తవ్వి తీసిన నిజం మూడు నిమిషాల్లో మళ్ళీ మట్టిలో కలిసిపోయింది. ఒదిల్ చిరాగ్గా గొడుగు అందుకుంది.

"జలుబు కాదు" అన్నాడు అన్సెల్మ్, తలుపు దగ్గర్నుంచి. "నాకు వాసన తెలియదు. రెండేళ్ళయింది. మీరు మెచ్చుకుని కొన్న డెబ్భై ఆరు నాటి వైన్ ఈ అమ్మాయి కలిపిందే."

లెస్కార్ మొహం కందిపోయింది. అందరిలోకీ పెద్దవాడైన వర్తకుడు బల్ల మీద పోసి ఉంచిన 1961 వైన్ గ్లాసు అందుకుని, అందులోకి ఒకసారి చూసి, దాన్ని సోలాంజ్ వైపు చాపాడు.

"అయితే ఇందులో ఏముందో నువ్వే చెప్పమ్మా."