ఉప్పుగుండు దగ్గర పిల్ల దెయ్యాలు

గచ్చిబౌలి గుట్టల వెనక చెరువుగట్టున ఉప్పుగుండు అని ఒక పెద్ద బండ ఉండేది. ఇప్పుడక్కడంతా అద్దాల మేడలు. నేను చెప్పేది డెబ్బై నాలుగు నాటి మాట. దీపాలు పెట్టే వేళ దాటితే అటువైపు బర్రెల్ని కూడా తోలేవారు కాదు. ఇందులో సగం బండి తోలే సాయిలు చెప్పాడు, సగం చాలా ఏళ్ళ తర్వాత ఓవర్సీరు గారి కూతురు భూలక్ష్మి చెప్పింది.

పొద్దున్నే ఆ బండ మీద గళ్ళుప్పు కనిపించేది. ఎవరు పోశారో తెలీదు. అంతకుముందు సాయంత్రం మాత్రం చెరువు వైపు నుంచి సన్నని గొంతులు వినిపించేవి...

ఐలేసా... ఐలేసా...

అదేం మంత్రమో ఊళ్ళో ఎవరికీ అంతుబట్టలేదు. ముగ్గురు పిల్ల దెయ్యాలు జుట్టు విరబోసుకుని నీళ్ళలోంచి ఏదో లాగుతుంటే ఊళ్ళో ముసలామె బుచ్చమ్మ చూసింది. చూసినదానికంటే ఎక్కువే చెప్పింది, ఆమెకది అలవాటే.

ఆ దారినే కొత్త రోడ్డు పడుతోంది. ఓవర్సీరు విశ్వేశ్వరరావు గారిది భీమిలి. సముద్రం పక్కన పుట్టినవాడు. మీసం దువ్వనిదే మాట మొదలుపెట్టడు. పని మానేస్తామని కూలీలంటే, ఉప్పుగుండు మీద కాలు పెట్టి మరీ ఉపన్యాసమిచ్చాడు.

"దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు. మనిషి చంద్రుడి మీద దిగాడయ్యా! మీరింకా ఉప్పుకి భయపడుతున్నారు."

"చంద్రుని మీద ఉప్పు లేదు గద సార్," అన్నాడు సాయిలు.

ఇంట్లో ఆయన భార్య భ్రమరాంబ గొడవ వేరు. నింపిన మర్నాడే ఉప్పుజాడీ సగమవుతోంది. వంటలో ఉప్పు తగ్గించమని ఆమెకీ ఒక ఉపన్యాసమిచ్చాడు.

ఒకరోజు దీపాలు పెట్టారు... తొమ్మిదేళ్ళ కూతురు భూలక్ష్మి ఇంటికి రాలేదు.

పక్క క్వార్టర్లలో లేదు. బావి దగ్గర లేదు. "చెరువు దిక్కు పోతుంటె చూసిన," అన్నాడు సాయిలు మెల్లగా. ఒక్కగానొక్క పిల్ల. మామ్మని, సముద్రాన్ని వదిలి రానని భీమిలిలో గుమ్మం పట్టుకుని ఏడ్చిన పిల్ల.

విశ్వేశ్వరరావు టార్చిలైటు పట్టుకుని పరుగెత్తాడు. సాయిలు తోడొచ్చాడు — తుమ్మచెట్ల దాకా.

"ఇగ నేను రాను సార్. మీకైతే నమ్మకం లేదు. నాకున్నది."

ఒక్కడే నడిచాడు. దెయ్యాలు లేవు... లేవు... అని పైకే అనుకుంటున్నాడు. టార్చి మాత్రం ప్రతి పొద మీదా వేసి చూస్తున్నాడు.

ఐలేసా... ఐలేసా...

ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో గుర్తు రావడం లేదు.

గుండు మీద మూడు ఆకారాలు. తెల్లటి మొహాలు... విరబోసిన జుట్టు... నీళ్ళలోకి జారిన తాడు పట్టుకుని వెనక్కి వాలుతున్నాయి.

"భూ... భూలక్ష్మీ..." అన్నాడు.

మూడు మొహాలూ ఒక్కసారి ఇటు తిరిగాయి.

"వచ్చాడు," అని గుసగుసలాడింది ఒకటి. "ఇంకో మనిషి కావాలి... రా..."

విశ్వేశ్వరరావు చతికిలబడ్డాడు. టార్చి దొర్లి ఆరిపోయింది. చల్లటి చిన్న చెయ్యి ఒకటి ఆయన మెడ మీద పడింది —

"లే నాన్నా! తాడు పట్టు. మా ముగ్గురి వల్లా కావట్లేదు."

మొహాన ఉన్నది బియ్యప్పిండి. మిగతా ఇద్దరూ పక్క క్వార్టరు కనకలక్ష్మి, బుచ్చమ్మ మనవరాలు నీలమ్మ. తాడు ఆయన స్టోరులోదే, రెండో కొస నీళ్ళలో ఏదో రాయికి చిక్కుకుంది. ఆ మంత్రం భీమిలి జాలర్లు వల లాగుతూ పాడే పాట, ఆయన పుట్టిన దగ్గర్నుంచీ విన్నదే.

"ఏం చేస్తున్నారే ఇక్కడ?"

"సముద్రాన్ని గుంజుతున్నం," అంది నీలమ్మ. "మేం మంత్రగత్తెలం."

"నువ్వేగా చెప్పావు, చెరువులో ఉప్పు పోస్తే సముద్రమైపోతుందని!" అంది భూలక్ష్మి. "రోజూ పోస్తున్నాం. సగం బండ మీదే పడిపోతోంది. అల మాత్రం రావట్లేదు." నాన్న చెయ్యి పట్టుకుని ఊపింది. "సముద్రం వస్తే మామ్మ పడవెక్కి వచ్చేస్తుంది. వస్తుంది కదా నాన్నా?"

భీమిలి నుంచి వచ్చేటప్పుడు పిల్ల ఏడుపు మానిపించడానికి ఆయన ఆడిన అబద్ధం అది. సిగ్గేసింది. పిల్ల దొరికినందుకు కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. పంచె ఎగ్గట్టి తాడు పట్టుకున్నాడు.

"ఐలేసా!" అని గుట్టలు దద్దరిల్లేలా అందుకున్నాడు.

తుమ్మచెట్ల దగ్గర సాయిలు చెప్పులు మాత్రం మిగిలాయి.

మర్నాటికి ఊళ్ళో లెక్క మారింది. ఉప్పుగుండు దగ్గర నాలుగు దెయ్యాలట. మూడూ చిన్నవేనట గానీ, నాలుగోదానికి ఇంత లావు మీసాలట.

"మీరే చెప్పుండ్రి సార్, దెయ్యాలు ఉన్నయా, లేవా?" అని కూలీలు చుట్టూ చేరారు.

ఆయన అలవాటు కొద్దీ మీసం మీద చెయ్యేశాడు. అందరూ ఆ చేతి వంకే చూశారు. చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఆ వారమే సెలవు పెట్టి కూతుర్ని మామ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. అబద్ధమాడానని రైల్లో ఒప్పుకున్నాడట. తిరిగొచ్చేసరికి మీసం లేదు.

"మీసమేమాయె సార్?" అని అడిగాడు సాయిలు.

"సముద్రపు గాలి పడలేదయ్యా," అన్నాడు, సముద్రం పక్కన పుట్టిన విశ్వేశ్వరరావు.