ఆరో నంబరు గది తాడు

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదండి. మా ఉప్పాడ బళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత రాసిందంతా చాకలి పద్దులూ, మందు సీసాల మీద పేషెంట్ల పేర్లూ. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేస్తాయి. చెప్పలేను కాబట్టే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

దివిసీమ ఉప్పెన వచ్చిన రెండేళ్ళకి జరిగింది ఇది. అప్పుడు కాకినాడలో, జగన్నాథపురం వంతెన ఇవతల ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఆయాగా చేసేదాన్ని. దాని పేరు రాయను. మేడ మీద ఆరు గదులుండేవి. ప్రతి గదిలోనూ మంచం పక్కనుంచి ఒక తాడు గోడ కన్నంలోంచి వరండాలోకి వచ్చేది. ఆ చివర ఇత్తడి గంట. లోపల తాడు లాగితే బయట గంట మోగేది. మెట్ల దగ్గర స్టూలు మీద కూర్చున్న నేను లేచి వెళ్ళేదాన్ని. ఆరు గంటలూ ఆరు గొంతులతో పలికేవి. ఏ గది వాళ్ళు పిలిచారో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

ఆరో నంబరు గదిలోకి ఆ కుర్రాణ్ణి కార్తీక మాసంలో తెచ్చారు. కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా లంగరేసుకుని ఉంటాయి. అక్కణ్ణించి పడవలో దింపి, రిక్షాలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కడుపులో పేగు చీము పట్టి పగిలిందట. గ్రీసు దేశంవాడు. పాతికేళ్ళుంటాయేమో. అతని పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. మా నర్సు నాగరత్నం దొరబాబు అని పెట్టేసింది. అందరం అదే అనేవాళ్ళం.

డాక్టరు గారు ఆ రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. సరుకు ఎక్కించడం అయిపోగానే ఓడ వెళ్ళిపోయింది. ఓడ ఏజెంటు వెంకటరత్నం గారు మూడు వేలు డిపాజిట్ కట్టి వెళ్ళారు.

మామూలు వాళ్ళకి గది రోజుకి పదిహేను రూపాయలు. దొరబాబుకి అరవై. ఫానుకి వేరే, ఐసుకి వేరే, దుప్పటి మారిస్తే వేరే. గుమాస్తా కుక్కుటేశ్వరరావు గారు ఇంకో పద్ధతి కూడా పెట్టారు. ఆయాని పిలిస్తే పిలుపుకి రెండు రూపాయలు. మంచానికి ఒక అట్టముక్క కట్టించారు. గంట కొట్టి పిలిచినప్పుడల్లా నేను దాని మీద పెన్సిలుతో ఒక గీత గియ్యాలి.

"అదేంటి గుమాస్తా గారూ, దొర కడుపు మన కడుపు కన్నా పెద్దదా?" అంది నాగరత్నం.

"వాళ్ళ దేశం వెళ్ళి నువ్వు జబ్బు పడి చూడు, నీ మెళ్ళో గొలుసు కూడా ఊడబీకుతారు. అయినా కట్టేది ఓడ కంపెనీ. మధ్యలో నీకేంటమ్మా నొప్పి?"

నేను ఏమీ అనలేదు. నేను ఎప్పుడూ ఏమీ అనను కదా.

పన్నెండో రోజుకి ఆ మూడు వేలూ అయిపోయాయి. అప్పటికి జ్వరం మళ్ళీ ఎక్కింది. లోపల చీము మిగిలిపోయింది, ఇంకోసారి తెరవాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కడు అన్నారు డాక్టరు గారు. కానీ డబ్బు సంగతి ఆయన చూడరు. అది గుమాస్తా గారిది. "వెంకటరత్నం గారు కంపెనీకి టెలిగ్రాం ఇచ్చారటండీ. డబ్బు పంపిస్తాం అని జవాబు రానివ్వండి, సోమవారం చేద్దురుగాని" అన్నారాయన. డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయారు. అది శుక్రవారం.

అదే రోజు ఇంకొకటి జరిగింది. నేను అట్ట మీద గీత గీస్తుంటే దొరబాబు చూశాడు. వేలితో ఆ గీతలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. నాకేసి చూసి, బొటనవేలూ చూపుడువేలూ రాపాడించాడు. డబ్బులా? అని.

నేను తల ఊపాను.

ఊపకుండా ఉండాల్సింది.

అంతకు ముందు రోజుకి పది పన్నెండుసార్లు కొట్టే మనిషి, ఆ తర్వాత ఒకటీ రెండూ. "ఏంటి సుబ్బాయమ్మా, నీ దొరబాబు నీ మీద అలిగాడా?" అని నాగరత్నం వేళాకోళమాడింది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

శనివారం సాయంత్రం నుంచీ వాన. ఏడింటికి కరెంటు పోయింది. కింద ఒక పురిటి కేసు వస్తే నాగరత్నం అక్కడే ఉండిపోయింది. మేడ మీద తక్కిన గదులు ఖాళీ. లాంతరు పెట్టుకుని నేనొక్కదాన్నే. ఉప్పుటేటి మీంచి గాలి కొడుతుంటే తలుపులు కిర్రుమంటున్నాయి. వరండా అంతా ఫినాయిలు వాసన, తడి గోడల వాసన.

ఏడున్నరకి ఆరో గంట ఒకే ఒక్కసారి, మెల్లిగా మోగింది.

వెళ్ళాను. ఒళ్ళు పెనంలా ఉంది. పెదాలు పగిలిపోయాయి. గ్లాసుకేసి చూస్తున్నాడు. నీళ్ళు తాగించొద్దు, పెదాలు తడపండి అంతే అని డాక్టరు గారి ఆర్డరు. దూది ముంచి తడిపాను. చప్పరించాడు. మళ్ళీ తడిపాను. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఓర్చుకో తమ్ముడూ... సోమవారం దాకా ఓర్చుకో" అన్నాను.

అన్నాక నాలిక కరుచుకున్నాను.

మా వాడలో ఒక పట్టింపు ఉందండి. పోయేలా ఉన్న మనిషిని కొత్తగా వరస కలిపి పిలవకూడదు. పిలిస్తే ఆ వరస అతనికి నిజమైపోతుంది, ఇక ఇక్కణ్ణించి కదలడానికి మనసొప్పదు అంటారు. మా అమ్మయితే జబ్బు మంచం దగ్గర కూర్చున్నంతసేపూ నోట్లో కొంగు కుక్కుకునేది. నేను ఆ పట్టింపు మర్చిపోయి అనేశాను.

అతను నా మొహంలోకి చూశాడు. "తమూడు" అన్నాడు. నవ్వాడు కూడా.

అప్పుడు నేను చేసింది కూడా రాసెయ్యాలి. బొడ్లోంచి పెన్సిలు తీసి అట్ట మీద గీత గీశాను. గియ్యకపోతే పొద్దున్న గుమాస్తా గారు అడుగుతారు, అడిగితే జవాబు చెప్పాలి. ఆ భయానికి. అతను ఆ గీతని చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

నేను వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఎనిమిదయింది. తొమ్మిదయింది. గంట మోగలేదు. నిద్ర పట్టినట్టుంది, మంచిదే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

కింద హాల్లో గడియారం పది కొట్టింది. దాని వెనకే ఆరో గంట.

లాంతరు పట్టుకుని వెళ్ళాను. తలుపు తియ్యగానే ఏదో వాసన. ఫినాయిలు కాదు. నాచు వాసన, నానిన చెక్క వాసన, పడవ అడుగున నిలవున్న నీళ్ళ వాసన. కిటికీ మూసే ఉంది. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"పిలిచావా?" అన్నాను.

దుప్పట్లోంచి కుడిచెయ్యి పైకి లేచింది. చూపుడువేలు అటూ ఇటూ ఆడింది. లేదు, లేదు.

గీత గియ్యలేదు నేను. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఇంకా స్టూలు మీద కూర్చోనేలేదు... మళ్ళీ గంట.

ఈసారి గడప దాటగానే కాళ్ళకి తడి తగిలింది. వాన నీళ్ళేమో అనుకుని వేలితో ముట్టుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున, నాకా రుచి తెలీదా?

"తమ్ముడూ... నువ్వేనా?"

చెయ్యి లేచింది. వేలు ఆడింది. చాలా నెమ్మదిగా. అలసిపోయినట్టు. మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

నేను వెనక్కి వెనక్కి నడుస్తూ వరండాలోకి వచ్చాను. వాన ఆగిపోయింది. ఎక్కడా చప్పుడు లేదు. కిందనుంచి పురిటి మనిషి మూలుగు కూడా లేదు.

గంట మోగింది. ఆగలేదు. మోగుతూనే ఉంది...

కింద పేషెంట్లు లేస్తారని దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. తాడు గుంజుతోంది. గాలానికి పెద్ద చేప తగిలినప్పుడు ఎలా గుంజుతుందో అలా. వదులు... గుంజు... వదులు... గుంజు... అరచేతులు మండుతున్నాయి. గోడ కన్నం నా చెవి దగ్గరే ఉంది. అందులోంచి చల్లటి గాలి వచ్చింది.

"అక్కా..."

అచ్చం మా ఉప్పాడ యాస.

"ఎ... ఎవరూ?"

"గీత గియ్యకక్కా..."

గంట వదిలేశాను. మెట్లు ఎలా దిగానో తెలీదు.

నాగరత్నం చేతులు కడుక్కుంటోంది. "ఏంటే బాబూ, అలా ఒణికిపోతున్నావు?"

"ఆరో గది... గంట..."

"ఏ గంట? నేనిక్కడే ఉన్నాను కదా, ఒక్కటీ వినపళ్ళేదు" అంది. అంటూనే నా మొహం చూసి టార్చి అందుకుంది.

గదిలో నేల పొడిగా ఉంది. నాచు వాసన లేదు. నాగరత్నం అతని మెడ కింద చెయ్యి పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది.

"సుబ్బాయమ్మా... ఇతను పోయి మూడు గంటలు కావస్తోంది. దవడ చూడు, బిగుసుకుపోయింది."

"లేదమ్మా. ఇందాక చెయ్యెత్తాడు..."

"ఏ చెయ్యి?"

కుడిచెయ్యి ఒంటి కింద పడి ఉంది. ఇద్దరం కలిసి లాగినా రాలేదు.

అప్పుడు టార్చి వెలుతురు తాడు మీద పడింది. తాడు మంచం దగ్గర లేదు. కిటికీ పై ఊచకి చుట్టేసి, ముడేసి ఉంది. మనిషి మంచం మీద లేచి నిలబడితే తప్ప అందదు. జ్వరంలో, నిద్రలో, బాధ పట్టలేక ఎక్కడ లాగేస్తానో అని తనే అక్కడ కట్టేసుకున్నాడు. ఓడవాళ్ళు వేసే ముడి. వలల ముళ్ళు విప్పుకుంటూ పెరిగిన దాన్ని, నాకే అది విప్పడం చేతకాలేదు.

"పిలిస్తే డబ్బవుతుందనా..." అంది నాగరత్నం. వరండాలోకి వచ్చి నా స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఆ అమ్మాయి వేళాకోళమాడగా నేను వినలేదు.

పొద్దున్న ఆరింటికి వెంకటరత్నం గారు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చారు. మొహం వెలిగిపోతోంది. "ఎంతయినా ఖర్చు పెట్టమని కంపెనీ టెలిగ్రాం ఇచ్చిందండీ. నిన్న సాయంత్రం అయిదుకే వచ్చింది. వానలో ఏం వస్తాంలే, పొద్దున్నే చెబుదాం అని..."

మా కబురు విని డాక్టరు గారూ గుమాస్తా గారూ అప్పటికే వచ్చి ఉన్నారు. డాక్టరు గారు గోడవైపు తిరిగారు. గుమాస్తా గారు ముందున్న కాగితాలు సర్దుతున్నారు, సర్దినవే మళ్ళీ సర్దుతున్నారు.

నాగరత్నం సంగతి చెప్పాక వెంకటరత్నం గారు సంచీలోంచి దొరబాబు పాసుబుక్కు తీశారు, ఓడ పనివాళ్ళకిచ్చేది. దగ్గర బంధువుకి కబురు చెయ్యాలట, ఇక్కడే పాతిపెట్టడానికి వాళ్ళ ఒప్పుదల కావాలట. ఆ పేజీ తీశారు. ఫోటోలో ఇంకా మీసం కూడా సరిగా రాని పిల్లాడు.

"తల్లి... కొట్టేసి ఉంది. అన్నగారు... కొట్టేసి ఉంది. మూడోది సిస్టర్ అనీ..." అంటూ ఆగిపోయారు. పుస్తకం గుమాస్తా గారి ముందు పెట్టారు. "ఇదేంటండీ ఇలా ఉంది?"

గుమాస్తా గారు చదివారు. మళ్ళీ చదివారు. తలెత్తి నాకేసి చూశారు. ఆయన కళ్ళలో భయం చూడటం అదే మొదలు.

"సుబ్బాయమ్మా, మీ ఇంటిపేరేంటి?"

"ఉమ్మిడి వారమండి."

"ఊరు ఉప్పాడే కదూ?"

"ఇక్కడున్నది నీ పేరేనమ్మా" అని పుస్తకం నావైపు తిప్పారు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ సిరా పాతబడి గోధుమరంగుకి తిరిగిందని తెలుస్తోంది. ఆ అక్షరాల మీద సగం పడేలా గుండ్రటి స్టాంపు ఉంది.

"స్టాంపు మీద తారీఖు ఎప్పటిదండీ?" అంది నాగరత్నం.

"డెబ్బై నాలుగు" అన్నారు వెంకటరత్నం గారు.

అప్పుడు నేను అడిగాను. అంతమంది మగవాళ్ళ మధ్య గొంతెత్తి అడగడం నా జన్మలో అదే. "పై రెండు పేర్లూ ఎందుకు కొట్టేశారండీ?"

"పోయినవాళ్ళవి కొట్టేస్తారమ్మా" అన్నారాయన. "అయితే... ఎవరు కొట్టేశారో మాత్రం తెలీదు. రెండు వారాల కిందట ఓడలో ఈ పుస్తకం తీసుకున్నప్పుడు ఆ రెండు పేర్లూ శుభ్రంగానే ఉన్నాయి, మూడోది ఉన్నట్టే గుర్తులేదు."

నా పేరు మీద మాత్రం ఇంకా ఏ గీతా లేదు.

ఆయన దగ్గర పెన్ను అడిగి తీసుకుని, చూపించిన చోట సంతకం పెట్టాను. తర్వాత వంతెన పక్కనుంచి ఉప్పుటేట్లోకి దిగి, కట్టుబట్టలతోనే తమ్ముడి పేరున తలమునిగాను.