కంపకు అవతల

విడపనకల్లు దాటాక కర్ణాటక వైపు ఉంటుంది ఆ ఊరు. లాక్‌డౌన్ పెట్టగానే ఊరి బాటకు అడ్డంగా తుమ్మకంప వేశారు, ఇంటికొక మోపు. సుంకమ్మ కూడా తన మోపును పాత పచ్చచీర పేలికతో కట్టి తెచ్చి వేసింది. మొగుడు నాగప్ప బళ్లారిలో కూలికి ఉన్నాడని ఆ పూట ఆమెకు తోచనే లేదు.

వారం తిరక్కుండా అతను నడుచుకుంటూ వచ్చి ఆ కంప దగ్గరే నిలబడిపోయాడు. దగ్గుతున్నాడు.

"సర్కారు ఆర్డరప్పా" అన్నాడు ఊరి పెద్ద గోవిందప్ప. "చేని కాడ మోటరు కొట్టంలో ఉండు. ఏమనుకోవద్దు."

నాగప్ప ఏమీ అనుకోలేదు. పోట్లాట ఎరగని మనిషి, పాపం.

రోజూ పొద్దుగూకే వేళ సుంకమ్మ సంగటి గిన్నె కంప అవతలి బండ మీద పెట్టి, ఇవతలికి వచ్చి నిలబడేది. మరునాటికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. దాని కింద గుప్పెడు బుడ్డలు, వేరుశెనక్కాయలు. వట్టి గిన్నె ఇంటికి పంపకూడదని, పీకేసిన శెనక్కాయ చేలో వెతికి ఏరేవాడు. కూతురు లహరి వాటికోసం కాచుకుని ఉండేది.

"పాప తినిందా?" అదొక్కటే అడిగేవాడు.

"చీకట్లో వచ్చేయి. ఎవురూ చూడరు" అని ఏడ్చిందొకసారి సుంకమ్మ.

"వద్దు మే. ఇంగా దగ్గొస్తాండాది. ఇంట్లో పాపుండాది."

తర్వాత అంబులెన్సు వచ్చింది. మనిషిని మళ్లీ చూపించలేదు, ప్లాస్టిక్ చుట్టి అనంతపురంలోనే కానిచ్చేశారు. బయట పోయినవాడు ఊళ్లోకి రాకూడదని దినాలు కూడా కంప అవతలే చేయించారు. సుంకమ్మ గుండె అక్కడే చెరువైపోయింది.

ఆర్డరు ఎత్తేశాక ఆ కంపనంతా బాట మీదే కాల్చేశారు. ఆ సాయంత్రం ఆమె చేతులు ఊరుకోలేదు. సంగటి కెలికి, తీసుకుపోయి బండ మీద పెట్టి వచ్చింది. వెర్రితనమని ఆమెకూ తెలుసు.

మరునాడు సందె వేళకు గిన్నె బోర్లించి ఉంది. తడి ఆరలేదు. ఎత్తి చూసింది. పచ్చి బుడ్డలు... చేలన్నీ ఎండిపోయిన కాలంలో.

గాలి ఆగిపోయింది. కాలిన కంప వాసన. బూడిద గీతకు అవతల ఎవరో దగ్గారు...

"పాప తినిందా?"

ఆమెకు భయం వేయలేదు. దుఃఖం పొంగుకొచ్చింది.

"ఆర్డరు తీసేసినారు. కంప కూడా ల్యా. ఇంటికి రా."

మళ్లీ దగ్గు. "ఇంగా దగ్గొస్తాండాది."

"ఉండనీలే. రా, నాగప్పా."

మొగుణ్ణి ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. అసురసంధ్య వేళ పోయినవాళ్లను పేరు పెట్టి పిలవకూడదని వాళ్లమ్మ చెప్పిన మాట, పిలిచాక గుర్తొచ్చింది.

బుడ్డలు బండ మీదే వదిలేసి ఇంటికి నడిచింది. వెనకే అడుగులు... గడప దాకా వచ్చి ఆగాయి. తలుపు వేయబుద్ధి కాలేదు ఆమెకు.

తెల్లారి చూస్తే గడపకు అడ్డంగా తుమ్మకంప మోపు. పచ్చచీర పేలికతో కట్టినది. లోపలికి రాకుండా తనకు తానే అడ్డం వేసుకున్నాడని సుంకమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

అప్పుడు ఇంట్లోంచి దగ్గు వినిపించింది.

పరుగున పోయింది. లహరి నిద్రలోనే దగ్గుతోంది. మూసిన పిడికిట్లో బుడ్డలు... మట్టి ఇంకా తడిగానే ఉంది.