ఒకటో నంబరు రేకు

టెలిఫోన్ ఆఫీసు మేడ మీద గదిలో చివరి కుర్చీకి మంచి పేరు లేదు. రాత్రి డ్యూటీలో అందులో కూర్చున్న ఇద్దరమ్మాయిలు వారం తిరక్కుండా ఉద్యోగం మానేశారు. మూడో ఆవిడ మానలేదు గానీ, కుర్చీని గోడవైపు తిప్పేసి నిలబడే పని చేసింది. ఆ తర్వాత మా మేనత్త తనంతట తనే అడిగి ఆ కుర్చీ తీసుకుంది.

ఆవిడ ధైర్యం గురించి మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళం. అది ధైర్యం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రిటైరయ్యాక, కరెంటు పోయిన ఒక సాయంత్రం, గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ చెప్పినట్టే చెబుతాను.

అప్పట్లో ఫోన్లు నేరుగా కలిసేవి కావు. ఇంట్లో ఎవరైనా ఫోను ఎత్తితే, ఆఫీసు బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గరున్న చిన్న ఇత్తడి రేకు టప్పున పడేది. ఆపరేటరు ఆ రేకు కింద ఉన్న చిల్లులో తీగ గుచ్చి, "నంబరు చెప్పండి" అని అడిగి, తీగ రెండో కొసని అడిగిన నంబరులో గుచ్చాలి.

చివరి కుర్చీకి ఎదురుగా ఉన్నది ఒకటో నంబరు. దేశాన్నేలే పెద్దావిడ పడగ్గది నంబరు.

ఆవిడ ఫోటో ఆఫీసు గోడ మీద ఉండేది. బిగించిన పెదాలు, రెప్ప వెయ్యని చూపు. మంత్రులు ఆవిడ ముందు దగ్గడానికైనా జంకేవాళ్ళట. ఆవిడ నవ్వగా చూశామన్నవాళ్ళు ఊరంతా గాలించినా దొరకరు.

కానీ నవ్వేది... ఆ సంగతి మా అత్త ఒక్కదానికే తెలుసు.

ఒక రాత్రి ఒంటిగంట దాటాక ఆ రేకు పడింది. అత్త తీగ గుచ్చింది. అవతల ముక్కుతో మాట్లాడే మగ గొంతు — "ఏమ్మా, మా మేక తప్పిపోయింది. మీ బోర్డులోకి గానీ దూరిందా?"

రేకు చూస్తే పెద్దావిడది. గొంతు చూస్తే మేకలాయనది. ఏమైతే అయిందని, "ఏ రంగు మేకండీ?" అంది అత్త. అవతల పొట్ట చెక్కలయ్యేలా నవ్వు. ఆ నవ్వు ఆడమనిషిది.

అలా మొదలైంది ఆట. పెద్దావిడ పనివాళ్ళందర్నీ పంపేసి, తలుపు గడియ పెట్టుకుని మరీ ఫోను చేసేది. ఒకరోజు ఇస్త్రీకిచ్చిన లంగా కాల్చేశారని పోట్లాడే ముసలమ్మ. ఒకరోజు బడి ఎగ్గొట్టాలంటే జ్వరం ఎలా తెచ్చుకోవాలో అడిగే పిల్లాడు. ఇంకోరోజు ఆఫీసు అధికారి గొంతుతో, "నీకు నెల్లాళ్ళు సెలవు, ఇంటికి పో" అంటే అత్త నిజంగానే సంచీ సర్దుకుంది. షరతులు ఇవే — ముందు నవ్వినవాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు లైను తెంపెయ్యాలి. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు.

"అంత పెద్ద మనిషి, ఆ పది నిమిషాల కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూసేదిరా," అంది అత్త. నాకెందుకో జాలేసింది.

ఓ రాత్రి మళ్ళీ రేకు పడింది. ఈసారి గొంతు బాగా సన్నగా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాగుతోంది.

"పిల్లా... గుండెల్లో నొప్పిగా ఉంది... డాక్టరుని కలుపు..."

అత్త పెదవి కొరుక్కుంది. అంత బాగా కుదిరిన వేషం అంతకుముందు లేదు. పెద్దావిడ గొంతు అంత నీరసంగా ఎవరూ ఎప్పుడూ విని ఉండలేదు మరి. నవ్వు బిగబట్టి, "డాక్టరుగారు పెళ్ళికెళ్ళారమ్మా. రెండు పూటలా భోంచేస్తే గానీ రారు," అంది.

అవతల నిశ్శబ్దం... నవ్వాపుకుంటోందనుకుంది. ఇక తన వల్ల కాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసి, ఓడిపోయానని ఒప్పుకుంటూ తీగ లాగేసింది.

రేకు ఇంకోసారి పడింది. గెలిచానని ఏడిపించడానికే అనుకుని, అత్త దాన్ని పైకెత్తి పెట్టేసింది.

తెల్లారి పడగ్గది తలుపు పగలగొట్టారు. పెద్దావిడ మంచం పక్కన నేల మీద ఉంది. ఫోను చేతిలోనే ఉంది.

విచారణకి వచ్చినవాళ్ళు, ఆ రాత్రి ఒకటో నంబరు నుంచి ఫోను వచ్చిందా అని అడిగారు. "రాలేదండీ," అంది అత్త. ఇంకేం చెబుతుంది? ఆ ఫోటోలో మనిషి తప్పిపోయిన మేక కోసం ఫోను చేసేదంటే ఎవరు నమ్ముతారు?

అత్త కుర్చీ మార్పించుకుంది. ఆ ఇంటికి తాళం పడింది. నంబరు తీసెయ్యమని సంతకం పెట్టే ధైర్యం మాత్రం ఏ అధికారికీ లేకపోయింది.

అప్పట్నుంచీ, సరిగ్గా ఆ వేళకే, రేకు పడటం మొదలైంది. తీగ గుచ్చితే హోరు... మాట లేదు. వానకి తీగలు తడిసి అంటుకుంటున్నాయన్నాడు లైనుమాన్. మండువేసవిలో కూడా అదే మాట చెప్పాడు. కొత్తమ్మాయిలు హడలిపోయి మానేస్తుంటే, అత్త ఇక చూడలేక ఆ కుర్చీలోకి తిరిగి వెళ్ళింది. రేకు పడ్డప్పుడల్లా తీగ గుచ్చి, "నన్ను క్షమించమ్మా" అని గొణిగేది. జవాబు వచ్చేది కాదు. చేసేదేం లేక రేకు ఎత్తిపెట్టేది. అలా పదకొండేళ్ళు గడిచిపోయాయి.

చివరికి కొత్త మిషన్లు వచ్చాయి. మర్నాడు పాత బోర్డు పీకేస్తారనగా, ఆఖరి రాత్రి... టప్పున పడింది రేకు.

ఈసారి అత్త నంబరు అడగలేదు. తీగ ఒక కొస ఒకటో నంబరులో గుచ్చింది. రెండో కొస ఆసుపత్రి డాక్టరు నంబరులో గుచ్చి గంట మోగించింది.

"హలో... ఎవరూ?" డాక్టరు నిద్రగొంతు.

హోరు.

"చెప్పండమ్మా, వింటున్నా."

అత్త చెవి రిక్కించింది. తనకి హోరు తప్ప ఏమీ వినపడటం లేదు.

"గుండెల్లోనా?... ఎప్పట్నుంచి?"

హోరు.

"పదకొండేళ్ళ నుంచా?"

అత్త చెయ్యి తీగ మీదికి వెళ్ళింది. లాగేస్తే బతికిపోతాననిపించింది... కానీ లాగలేదు. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఇన్నాళ్ళూ డాక్టరుకి చూపించుకోకపోతే ఎలాగమ్మా?... ఏంటి? పెళ్ళికా?... నేను ఏ పెళ్ళికీ వెళ్ళలేదే."

హోరు... హోరు...

"అదేంటమ్మా," అన్నాడు డాక్టరు అయోమయంగా, "నవ్వుతారేంటి?"

ఆ మరుక్షణమే ఒకటో నంబరు వైపు ఫోను పెట్టేసిన చప్పుడు. అది మాత్రం అత్తకి వినపడింది.