చేటెడు తవుడు

వెలగవాడ మహారాజు ఒకనాటి ఉదయం కొలువుకి వచ్చి సింహాసనం మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. "దీని ఎత్తు పెంచినవాడెవడు?" అని ఆయన మండిపడ్డాడు. ఎవరూ పెంచలేదు, పిల్లలూ. రాజే జానెడు తగ్గాడు. మంత్రిని అడుగుదామంటే, తలపాగా ముక్కు దాకా జారిపోయి ఆయనకేమీ కనబడటం లేదు.

రాజ్యానికి తూర్పున గుడ్డికొండ అని ఒక బోడికొండ ఉంది. ఎన్నడూ లేనిది, ఆ వేకువన దానికొక కన్ను తెరుచుకుంది. ధాన్యం నూర్చే కళ్ళమంత కన్ను! పొద్దు పొడిచేదాకా అది రాజ్యమంతా కలయజూసి మూసుకుంది. ఆ చూపు ఎవరి కళ్ళలో పడితే వారి చెవిలో ఒక ప్రశ్న మోగింది. "నువ్వెంత?"

రాజుకి తనకన్నా పెద్ద రాజులు గుర్తొచ్చారు. మంత్రికి రాజు గుర్తొచ్చాడు. కమ్మరికి పక్కవీధి కమ్మరి గుర్తొచ్చాడు. "నేనెంతలే" అనుకున్న ప్రతి మనిషీ అంతలోనే తగ్గాడు. ఆపైన తలుపులు బిగించుకు పడుకున్నా ప్రతి వేకువకీ చెవిలో అదే ప్రశ్న, ఒంటికి అదే తరుగు. పశువులకి మాత్రం ఏమీ కాలేదు. ఆవుని అడిగితే ఆవు నెమరు వేస్తూ ఊరుకుంది.

వారం తిరిగేసరికి జనం గడపలు దాటడానికి నిచ్చెనలు వేసుకున్నారు. నూతిలో చేద వేస్తే చేదే మనిషిని లోపలికి లాగేలా ఉంది. పిల్లులు మనుషుల వంక అదోలా చూడడం మొదలుపెట్టాయి.

ఇంత గోలలోనూ ఒక్క మనిషి నిండుగా మిగిలింది. పదమూడేళ్ళ పిల్ల, పేరు తవిటమ్మ. అమ్మా నాన్నా లేరు. ఊరందరికీ దిష్టి తీసే అసిరవ్వ ఆమెని మనవరాలిగా పెంచింది. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో, పుట్టిన బిడ్డని పొరుగింటివాళ్ళ చేతుల్లో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునే ఆచారం ఉండేది. తవిటమ్మని అలాగే కొన్నారు. ఎందుకు కొన్నారో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఎంతకి కొన్నారో మాత్రం ఊరంతా చెప్పింది.

దానికి తోడు అవ్వ నోరు తెరిస్తే "ఒలే కాకిపిల్లా", "పనికిమాలినదానా" అనేది. అందుచేత తవిటమ్మ ఏనాడూ తలెత్తి నడవలేదు. ఊళ్ళో ఏ బిడ్డ ఏడ్చినా ముందు ఆమే పరుగెత్తేది, ఏ ముసలమ్మకి నీళ్ళు కావాలన్నా ఆమే మోసేది. తన అన్నం సంగతి మాత్రం తనకి గుర్తుండేది కాదు. కొండ కన్ను తెరిచిన వేకువన కూడా ఆమె తల వంచుకునే వాకిలి ఊడ్చింది. చూపులు కలవలేదు గనక ఆమెకేమీ కాలేదు.

అవ్వకి మాత్రం చూపు తగిలింది. ఇప్పుడు జానెడుంది. నోరు మాత్రం తగ్గలేదు.

"ఒలే, కొండకి దిష్టి కొట్టినట్టుంది. పోయి దిష్టి తీస్తే గాని కన్ను మూతపడదు. ఉప్పు, ఎండుమిరపకాయలు మూటగట్టు. నన్ను కొబ్బరిచిప్పలో ఎట్టి ఒడిలో ఎట్టుకో," అంది.

"నా వల్ల ఏటవుతాది అవ్వా? నాను పనికిమాలినదాన్ని కదా."

అప్పటికే మహారాజు తాంబూలపు పళ్ళెంలో నిలబడి ఆమె గుమ్మం ముందుకి వచ్చాడు. "తల్లీ, పొయ్యి వెలిగించగల చేతులు ఈ రాజ్యంలో నీవి రెండే మిగిలాయి. కాదనకు," అని చేతులు జోడించాడు. లెక్క చూస్తే అవ్వకి ఇంకా నాలుగు వేకువలు మిగిలాయి. అయిదో వేకువకి కంటికి ఆనదు. తవిటమ్మకి ఉన్నది ఆ అవ్వ ఒక్కతే. రాజుకి దండం పెట్టి, అవ్వని ఒడిలో పెట్టుకుని బయలుదేరింది.

మొదటిరోజు ముళ్ళకంప అడవి అడ్డొచ్చింది. దాని మొదట్లో తాడిచెట్టంత రాకాసి ఒకతె బిడ్డని ఒళ్ళో వేసుకుని భోరుమని ఏడుస్తోంది. తవిటమ్మకి భయమేసింది గాని, బిడ్డ ఏడుపు వినగానే కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

"నా బంగారుకొండ పాలు ముట్టడం లేదు," అంది రాకాసి. "చూడు ఎంత ముద్దుగా ఉందో! ఈ కోరలు చూడు, ఈ గోళ్ళు చూడు! ఇంత చక్కని పిల్లని నువ్వెక్కడైనా చూశావా?"

తవిటమ్మ గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తీసి ఆ గరుకు పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఊరి కన్ను, వాడ కన్ను, ఎదురు కన్ను, ఎనక కన్ను, నీ కన్ను, నా కన్ను, అన్నీ మంటలో పడిపోవాల!" అంటూ, ఎండుపుల్లలు రాజేసిన నిప్పులో వేసింది. ఉప్పు చిటపటలాడింది. రాకాసి పిల్ల పిడుగులాంటి త్రేన్పు త్రేన్చి పాలు తాగడం మొదలెట్టింది.

అవ్వ చిప్పలోంచి తల ఎత్తింది. "బిడ్డని అలగ పైకే పొగుడుతావేటే? దిష్టి తగలదా మరి?"

"తగిలితే తీయించుకుంటాం," అంది రాకాసి. "పొగడకపోతే తను మంచిదని బిడ్డకెలా తెలుస్తుంది?"

అవ్వ తల మళ్ళీ చిప్పలోకి దించుకుంది. రాకాసి వాళ్ళని భుజాన ఎక్కించుకుని నాలుగంగల్లో ముళ్ళ అడవి దాటించింది. దారి పొడుగునా తవిటమ్మ, తల్లి మెడ పట్టుకుని కిలకిలమంటున్న ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది.

రెండోరోజుకి అవ్వ పిడికిలంతైంది. దారిలో పాతాళమంత లోయ వచ్చింది. లోయ మీద తీగల వంతెన, వంతెన మొగలో ఒక ముసలి ఎలుగుబంటి.

"సుంకం చెల్లించి వెళ్ళండి," అంది ఎలుగు. "డబ్బు నాకెందుకు? నీ గురించి నువ్వు మూడు మంచి మాటలు చెప్పు. మనసారా చెప్పాలి. అబద్ధం చెబితే తీగలు తెగుతాయి."

తవిటమ్మ నోరు తెరిచింది. "మా అవ్వ సెయ్యి శానా మంచిది..."

"అవ్వ సంగతి కాదు."

"మా రాజుగారు ధర్మాత్ముడు..."

"రాజు సంగతీ కాదు. నీ సంగతి."

ఆమె ఎంతో వెతికింది. ఊళ్ళో ప్రతి మనిషి గురించీ మూడేసి మాటలు దొరికాయి గాని తన గురించి ఒక్కటీ దొరకలేదు. పైగా ఒడిలోంచి అవ్వ కేకలు. "సెప్పకే! తనని తాను పొగుడుకుంటే దిష్టి కొడతాది! తూ తూ!"

చివరికి తల దించుకుని, "నాను చేటెడు తవుడు కరీదు సేస్తాను. అంతకంటే నాకేటి తెలవదు," అంది. వంతెన చివర ఒక తీగ పటుక్కున తెగింది. ఎలుగు నిట్టూర్చి, లోయలోకి దిగి అవతలి గట్టెక్కే కాలిబాట చూపించింది. "రెండు రోజులు పడుతుంది, పిల్లా. వంతెన మీదైతే పూటలో వెళ్ళిపోదువు. నేనేం చేసేది?"

అలా రెండు రోజులు దండగపోయాయి. రాళ్ళు దొర్లే దారిలో పడుతూ లేస్తూ తవిటమ్మ గుడ్డికొండ పాదం చేరేసరికి అవ్వ చింతగింజంతైంది. తెల్లారితే ఆఖరి వేకువ. సద్దిమూటలో ఒకే ఒక్క అన్నం ముద్ద మిగిలింది. అందులో ఒక మెతుకు గిల్లి అవ్వకి పెట్టి, మిగతాది మళ్ళీ మూటగట్టింది.

"నువ్వు తిని రెండు రోజులైంది గదే!" అంది అవ్వ. గొంతు చీమ గొంతులా వినబడింది.

"నాకేటవ్వా? తవుడుకి తిండేటి?"

వేళాకోళానికి కాదు, నిజంగానే అంది. అవ్వ మెతుకు పక్కన పెట్టేసింది.

తూరుపు తెల్లబడుతుండగా కొండ కన్ను తెరుచుకుంది. తవిటమ్మ పుల్లలు పేర్చి నిప్పు రాజేసి, గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ కొండకేసి తిప్పి మంటలో వేసింది. ఉప్పు చిటపటలాడలేదు. మిరపకాయల ఘాటు రాలేదు. కళ్ళు మంట పెట్టలేదు. అంత గట్టి దిష్టి! ఏం తప్పు చేశానా అని అలవాటు లేని తల పైకెత్తింది. చూపులు కలిశాయి.

"నువ్వెంత?"

"చేటెడు తవుడు," అంది తవిటమ్మ. అంటూనే చీర కుచ్చిళ్ళు కాళ్ళ కింద పడటం, పక్కనున్న రాయి తన నడుం దాకా లేవడం చూసింది. ఒడిలోంచి కొబ్బరిచిప్ప జారబోతే రెండు చేతులతో పట్టుకుంది. అవ్వ ఎలాగో చిప్ప అంచుకి ఎక్కి, ఆమె చెవి దగ్గర గొంతు చించుకుంది.

"ఒలే తవిటీ, ఇనుకో! నీకన్నా ముందు మీయమ్మకి ముగ్గురు పుట్టినారు. ముగ్గుర్నీ సావు ఎత్తుకుపోయింది. నువ్వు పుట్టినప్పుడు నాను దాన్ని మోసం సేసినాను. 'ఇది ఒట్టి చేటెడు తవుడు, దీన్ని ఎత్తుకెల్లి ఏటి సేసుకుంటావు' అని దానికి ఇనబడేలా అరిసినాను. నా పేనం అడిగినా పోసేసేదాన్నే, తవుడు సాలన్నారు! కాకిపిల్ల అన్నదీ, పనికిమాలినది అన్నదీ నిన్ను కాదే తల్లీ. దిష్టిని ఏమార్చడానికి. దానికి సెప్పిన అబద్ధం నువ్వు నమ్మేసినావు. నీకు నిజం సెప్పడం నాను మర్సిపోనాను!"

తవిటమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. దుఃఖమో సంతోషమో తేల్చుకునే వ్యవధి లేదు. అవ్వ ఆవగింజంతైంది, దిష్టి తీసే చెయ్యి ఇక తనదొక్కటే. తన దిష్టి తాను తీసుకోవడం ఏ ఊళ్ళోనూ ఎవరూ చెయ్యగా ఆమె చూడలేదు. అయినా గుప్పెడు ఉప్పూ మూడు మిరపకాయలూ తీసి తన తల చుట్టూ తానే తిప్పుకుంది. "ఊరి కన్ను, వాడ కన్ను, ఎదురు కన్ను, ఎనక కన్ను," అని ఒక్క క్షణం ఆగి, "నా మీద నా కన్ను! అన్నీ మంటలో పడిపోవాల!" అంది.

ఉప్పు పెళపెళా పేలింది. మిరపకాయల ఘాటుకి ఆమె పొలమారి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"నువ్వెంత?" కన్ను మళ్ళీ అడిగింది.

"నాను తవిటమ్మని. నా సెయ్యి పడితే ఏడ్సే బిడ్డ ఊరుకుంటాది. భయమేసినా రాకాసి దగ్గర్నుంచి నాను పారిపోనేదు. మా అవ్వని ఇంత దూరం ఒడిలో ఎట్టుకుని మోసుకొచ్చినాను. ఈ మూడూ నిజమే. ఇంకా శానా ఉన్నాయేమో, ఎతుక్కోవాల."

చెబుతుండగానే ఆమె మునుపటంత పెరిగింది. ఎదుటి కన్ను తడిసింది. కొండ గొంతు పసిపిల్ల గొంతులా వినబడింది. "మరి నేనెంత? వెయ్యేళ్ళుగా గుడ్డికొండ, బోడికొండ అన్నారు నన్ను. కన్ను తెరిచి చూస్తే నాకూ అందరూ అలాగే కనబడ్డారు."

తవిటమ్మకి ఆ మాట బాగా తెలిసిన మాటే. మూటలో మిగిలిన చిటికెడు ఉప్పు తీసి కొండకి తిప్పింది. "మా రాజ్యంలో ముందు పొద్దు పడేది నీ మీదే కదా. నువ్వు లేకపోతే మాకు తెల్లారినట్టు ఎలగ తెలుస్తాది? నువ్వు పొద్దుకొండవి," అంది. మంటలో ఉప్పు చిటపటలాడింది. ఆ కంటి నుంచి జారిన ఒక్క చుక్క ఏరై కిందికి పారింది. ఏడ్చి ఏడ్చి అలసిన బిడ్డలా కొండ నెమ్మదిగా కన్ను మూసుకుని నిద్రపోయింది.

కొబ్బరిచిప్ప ఫెళ్ళున పగిలింది. నిండు మనిషిగా నేల మీద పడ్డ అసిరవ్వ నడుం పట్టుకుని లేచి, మనవరాలిని కరుచుకుంది. ఇద్దరూ ఏరు పక్కన కూర్చున్నారు. తవిటమ్మ ఆ ఒక్క అన్నం ముద్దనీ రెండు చేసి, సగం అవ్వకి పెట్టి, సగం తాను తింది.

తిరుగుదారిలో ఎలుగుబంటి వంతెన మీద తవిటమ్మ గబగబా సుంకం చెల్లించేసింది. ఎలుగు అవ్వకేసి తిరిగింది. "మరి నీదో?"

"నాకేటి సుంకం? ముసల్దాన్ని!" అంది అవ్వ. ఎలుగు కదల్లేదు. అవ్వ మనవరాలి వంక చూసింది, ఆకాశం వంక చూసింది, చెంగు నోట్లో కుక్కుకుంది. "నా సెయ్యి... మంచిదే. సేపల పులుసు బాగా ఎడతాను." మూడోది చెప్పేముందు మనవరాలి చెయ్యి పట్టుకుంది. "సావు సేతిలోంచి ఈ పిల్లని కొనుక్కొచ్చినాను నాను. ఈ రాజ్యంలో అంత మంచి బేరం ఎవలూ సెయ్యనేదు." వంతెన అంగుళం కూడా ఊగలేదు.

వెలగవాడలో అందరూ మళ్ళీ తమ తమ ఎత్తుకి వచ్చేశారు. మహారాజు కాళ్ళు నేలకి ఆనించి కూర్చుని, "ఏం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు. తవిటమ్మ అవ్వకి ఒక పాడి ఆవుని అడిగింది. గుడ్డికొండని ఇకమీదట అందరూ పొద్దుకొండ అని పిలవాలని చాటింపు వేయించమంది. అక్కడితో ఊరుకుంటుందని సభంతా అనుకుంది.

"ఇంకా... నాకు," అని ఆమె కాస్త తడబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నోటితో అనడం అదే మొదలు. "నాకో ఎర్రపట్టు చీర కావాల. జరీ అంచుది."

మర్నాడు ఆ చీర కట్టుకుని తలెత్తి వీధిలో నడిచి వస్తుంటే, అసిరవ్వ గుమ్మంలో నిలబడి ఊరంతా వినబడేలా అరిచింది. "సూడండర్రా! నా బంగారుకొండ, నా మనవరాలు!"

అరిచి, లోపలికి పరుగెత్తి, గుప్పెడు ఉప్పు పట్టుకొచ్చింది.