నెట్టి చూశావా అన్నయ్యా

జరగండమ్మా, దగ్గరికి జరగండి. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా చాప మీదకి వచ్చేయండి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. ప్రభువు మన మధ్యే ఉన్నాడు. అయినా భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి, తప్పేం లేదు.

విజయవాడలో ఏలూరు కాలువ గట్టు మీద మెకానిక్ స్టీఫెన్ షెడ్డు ఉంది. రెండు కార్లు పట్టే చోటు, ముందు ఒక ఇనప షట్టరు. పోయినేడు గుడ్ ఫ్రైడే నాడు హెలెన్ టీచరు తన కారు తీసుకెళ్ళటానికి అక్కడికొచ్చింది. వెనక బ్రేకు ప్యాడ్లు మార్పించుకుంది. ఆ కారుకి చేత్తో లాగే హ్యాండ్ బ్రేకు ఉండదు. చిన్న స్విచ్ లాగితే, వెనక చక్రాల దగ్గరున్న మోటార్లు గిర్రుమని తిరిగి బ్రేకు బిగిస్తాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ మోటార్లని వదులు చేసి సర్వీస్ మోడ్‌లో పెడతారు. పనయ్యాక ఆ మోడ్ తియ్యాలి. తియ్యకపోతే స్విచ్ లాగినా బ్రేకు పడదు.

అవతల చర్చి గంట కొట్టేశారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన మొదలవబోతోంది. ఇద్దరికీ తొందరే.

"అన్నయ్యా, స్టీరింగు ముందు ఈ పసుపు లైటేంటి?"

"దానంతటదే ఆరిపోతుందిలే చెల్లెమ్మా. పద, పాటలు మొదలైపోతాయి."

స్టీఫెన్‌కి పని నేర్పిన అంతోని ఒక్కటే చెప్పేవాడు. బ్రేకు పని చేసిన బండిని స్విచ్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక నిలబడి రెండు చేతులతో మూడుసార్లు నెట్టాలి. కదలకపోతేనే తాళం ఇవ్వాలి. ఆ రోజు స్టీఫెన్ ఒక్కసారి కూడా నెట్టలేదు.

హెలెన్ చర్చి పక్కన గట్టు వాలులో కారాపింది. స్విచ్ లాగింది. డిక్కీలో ఉన్న బైబిలు కోసం వెనక్కెళ్ళింది. చర్చి లోపల, క్షమించమనే మొదటి మాట చదువుతున్నారు. కారు వెనక్కి జారింది. ఆమెని తోసుకుంటూ కాలువలోకి పోయింది. హెలెన్ ప్రాణాలతో పైకి రాలేదు.

"కరెంటు బ్రేకుల్ని నమ్మకూడదు" అన్నారు అందరూ. స్టీఫెనూ తలూపాడు. ఏడాదిపాటు తలూపుతూనే ఉన్నాడు.

ఈ ఏడు మళ్ళీ అదే రోజు, మిట్టమధ్యాహ్నం, హెలెన్ తల్లి మణెమ్మ, కాలువలోంచి తీయించి పెరట్లో పడేసిన ఆ కారుని ట్రాక్టరుకి కట్టించి లాక్కొచ్చింది. షెడ్డులో పెట్టించి, ట్రాక్టరుని పంపేసింది.

"చర్చికి పోలేదేం?"

"వంట్లో బాలేదమ్మా."

"పొద్దుట్నుంచి వెనక చక్రాల దగ్గర గిర్రుమంటోంది. చూడు."

"రేపు చూస్తానమ్మా."

"ఇవాళే చూడు. నీ చేతి పనేగా."

ఆమె బయట బల్ల మీద కూర్చుంది. గుడ్ ఫ్రైడే పూట పని చేస్తున్నాడని ఎవరైనా చూస్తారేమోనని స్టీఫెన్ లోపల్నుంచి షట్టరు దించేశాడు. చీకటి. పాత ఆయిలు వాసన. దాని కింద ఇంకో వాసన... కాలువ బురదది.

గిర్ర్... ర్ర్.

బ్యాటరీ తీగ పీకేద్దామని బానెట్ ఎత్తి, టార్చి వేశాడు. అక్కడ బ్యాటరీ లేదు. అది ఉండాల్సిన చోట ఎండిపోయిన మట్టి.

బానెట్ పక్కనుంచి తొంగి, అద్దంలోంచి లోపలికి చూశాడు. పసుపు లైటు వెలుగుతోంది.

టార్చి వదిలేసి కారు వెనక ఉన్న షట్టరు వైపు పరుగెత్తాడు. వంగి పట్టుకుని ఎత్తబోయాడు. రాలేదు. కారు కదిలింది. జానెడు. ఆగింది. మళ్ళీ జానెడు. ముందువైపు నుంచి ఎవరో చేతులానించి నెడుతున్నట్టు... మూడోసారికి డిక్కీ అంచు అతన్ని షట్టరుకేసి అదిమేసింది. ఊపిరి ఆడటం లేదు.

"అన్నయ్యా..." చీకట్లోంచి గుసగుస. "లైటు ఆరిందా?"

"మణెమ్మగారూ... షట్టరు ఎత్తండమ్మా..."

షట్టరు అవతల, సరిగ్గా అతని చెవి దగ్గరే, ముసలి గొంతు. "ముందు అది అడిగినదానికి చెప్పు."

"నెట్టి చూశావా అన్నయ్యా?"

"లేదు... లేదమ్మా. మోడ్ తియ్యలేదు. నెట్టి చూడలేదు. నీకు అబద్ధం చెప్పాను."

గిర్రుమనే చప్పుడు ఆగింది. షట్టరు పైకి లేచింది. మణెమ్మ కళ్ళలో తడి లేదు.

"ఏడాది పట్టింది నీకు. పద, ఆ మాటే చర్చిలో చెబుదువుగాని."

చెప్పాడు. బలిపీఠం ముందు చెప్పాడు, పోలీసు స్టేషన్లో చెప్పాడు. కేసు నడుస్తోంది. చెప్పేస్తే హెలెన్ వదిలేస్తుందనుకున్నాడు పాపం.

వదల్లేదు. గట్టు మీద నిలబడినా, బెంజ్ సర్కిల్లో రోడ్డు దాటబోయినా, వీపుకి రెండు అరచేతులు ఆనుతాయట. చల్లగా, తడిగా. మూడుసార్లు నెడతాయట. పడేసేంత గట్టిగా కాదు. ఆగుతాడో లేదో చూసేంత.

మొన్న ఆదివారం మాత్రం రెండుసార్లే నెట్టాయట. అప్పట్నుంచి, మూడోది ఎప్పుడొస్తుందోనని, అతను గోడకి వీపానించే కూర్చుంటున్నాడు, పడుకోవటం కూడా మానేశాడు.

అందుకని నా తల్లులారా, తండ్రులారా, ఒక్క పని గుర్తుంచుకోండి. బ్రేకు పని చేయించిన బండి తాళం పుచ్చుకునే ముందు, మీ చేతులతో మీరే నెట్టి చూడండి. ఇంటికెళ్ళి పిల్లలకీ చెప్పండి. మూడుసార్లు నెట్టాలి. రెండుతో ఆపకండి.