ఒంటిగంటలు

2094 నాటికి ప్రొద్దుటూరులో వీధి కుళాయిలు కూడా బంగారంతో చేసినవే. తుప్పు పట్టదు, పైగా ఇత్తడి కంటే చవక. గ్రహశకలాల గనుల నుంచి లోహం దిగడం మొదలైన పన్నెండేళ్లకే పరిస్థితి అంతదాకా వచ్చింది. వజ్రాలను కొలుముల్లో పండిస్తున్నారు. బస్సు అద్దాలకు గీతలు పడకుండా వేసేది వజ్రపు పూతే. ఒకప్పుడు రాయలసీమ నలుమూలల నుంచీ పెళ్లివాళ్లు వచ్చి కూర్చున్న బంగారం అంగళ్ల వీధిలో ఇప్పుడు పాత నగలను బుట్టలతో తూచి, కరిగించి, కరెంటు తీగలు లాగుతున్నారు.

ఆ వీధిలోనే పుట్టిన లోహశాస్త్రవేత్త వేదమణి. కంసాలుల ఇంటి బిడ్డ. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఒకరోజు కొలిమి దగ్గర బుట్టలో ఒక చంద్రహారం ఆమె కంటబడింది. మెడ వెనక భాగానికి వచ్చే లంకెలు సగానికి సగం అరిగిపోయి ఉన్నాయి. ఎవరో ఒకావిడ యాభై ఏళ్లపాటు దాన్ని మెడలోంచి తీసి ఉండదు. వేదమణి చూస్తుండగానే అది కరిగి పసుపుపచ్చని ముద్దయింది. అలా ఒంటి మీద గడిచిన కాలానికి విలువ కట్టగలిగితే నగలు కొలిమికి పోవని ఆమెకు తోచింది.

ఆరేళ్లు శ్రమించి ఆమె ఒక మాట్లాడే యంత్రం తయారుచేసింది. దానికి ‘ధారణమాపకం’ అని పేరు పెట్టింది. అది చేసే పని అర్థం కావాలంటే నగ సంగతి కొంచెం తెలియాలి. ఇరవైనాలుగు క్యారెట్ల బంగారం అంటే మేలిమి. అది మరీ మెత్తన, నగకు ఆగదు. అందుకే ఇరవైరెండు పాళ్ల బంగారంలో రెండు పాళ్లు రాగి, వెండి కలుపుతారు. మనిషి చెమట బంగారాన్ని ఏమీ చేయలేదు కానీ, ఆ రాగినీ వెండినీ రోజుకు కొన్ని అణువుల చొప్పున తినేస్తుంది. ఒంటి వేడికి మిగిలిన అణువులు మెల్లగా సర్దుకుంటాయి. నగ తీసి పెట్టెలో పెడితే ఆ మార్పు అక్కడికక్కడే ఆగుతుంది. యంత్రం ఈ పొరలను చదివి, ఆ నగ మనిషి ఒంటి మీద ఎన్ని గంటలు ఉందో చెబుతుంది. వాటిని వేదమణి ‘ఒంటిగంటలు’ అంది.

ఆమె కోరుకున్నదే జరిగింది. పాత నగలు కొలిమికి పోవడం ఆగింది. ఎంత బంగారమైనా దొరికే లోకంలో, ఏ కార్ఖానాలోనూ తయారుకానిది మనిషి గడిపిన కాలం ఒక్కటే. లక్ష ఒంటిగంటల కాసులపేరు కోసం జనం ఎగబడ్డారు.

అవి అయిపోయాక కొత్తవి కావలసివచ్చాయి. నగలు కొనేవాళ్లకు వాటిని ఏళ్ల తరబడి పెట్టుకునే ఓపిక లేదు. అందుకని వర్తకులు వాళ్ల బదులు నగలు పెట్టుకునేందుకు కూలికి మనుషుల్ని కుదుర్చుకున్నారు. ఆ మనుషుల్ని ‘ధారకులు’ అన్నారు.

ఓబులమ్మ అలాంటి ధారకురాలు. మైదుకూరు రోడ్డులో ఒక మేడమీది గదిలో ఉంటుంది. యంత్రం లెక్కలు సరిచూసుకోవడానికి వేదమణి మొదటిసారి ఆ గదికి వెళ్లినప్పుడు, ఆమె నేలమీద చాప పరుచుకుని, మెడనిండా హారాలతో, చేతులకు వంకీలతో, నడుముకు వడ్డాణంతో కదలకుండా కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. పరాయివాళ్ల నగలు పదిహేడు ఉన్నాయి ఆమె ఒంటి మీద.

“ఏ పనీ చేయకూడదా అమ్మా?” అని అడిగింది వేదమణి.

“యాడ మేడమ్! గిన్నె తోమితే గీతలు పడతాయంట. బయటికి పోతే పోగొడతానంట. కూడు వాళ్లే పంపిస్తారు. నేను కూచోవాల, అంతే.” ఓబులమ్మ నవ్వింది. “ఉండండి, మీరు సదువుకున్నోళ్లు కదా, ఒకటి అడగల్ల. ఈ ఎర్రరాయి, ఈ నీలంరాయి అక్కచెల్లెళ్లని ఎవురో చెప్పిరి. నిజమేనా?”

“నిజమే. కెంపూ నీలమూ రెండూ ఒకటే రాయి. కురువిందం అంటారు. అందులో రవ్వంత క్రోమియం కలిస్తే కెంపు. ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. ఏమీ కలవకపోతే తెల్లగా ఉండిపోతుంది.”

“మరి పచ్చ?”

“అది వేరే ఇంటిది.”

ఓబులమ్మ ఆ మాటకు చాలాసేపు నవ్వింది. “నాకూ ఒక చెల్లెలుండాది, జమ్మలమడుగులో. ఒక కడుపున పుట్టినోళ్లమే. నాకు ఏ రంగూ కలవలేదు” అంది. వేదమణి లేవబోతే, “ముత్యం సంగతి చెప్పిపోండి మేడమ్” అని ఆపింది. అది చెప్పాక పగడం సంగతి అడిగింది. ఆమెకు కావలసింది రాళ్ల సంగతి కాదని వేదమణికి అప్పటికి తెలిసింది.

ఆ గది ఆమెను వదల్లేదు. ఇలాంటి గదులు ఊళ్లో మూడు వందల పైచిలుకు ఉన్నాయి. వాటిని మూయించే దారి యంత్రంలోనే ఉందని ఆమె నమ్మింది. ఒక్కొక్కరి చెమట ఒక్కో తీరు. యంత్రానికి ఆ తేడా చదవడం నేర్పితే, నగ పెట్టుకున్న మనిషిని ఇంకొకరు ఎంతసేపు ముట్టుకున్నారో కూడా చెప్పగలదు. బిడ్డ లాగిన గొలుసు, మొగుడు పట్టుకున్న చెయ్యి, తోబుట్టువు కౌగిలి అన్నీ బయటపడతాయి. గదుల్లో అరిగిన నగలకు అవేవీ ఉండవు. ఆ సంగతి తెలిస్తే వాటిని ఎవరు కొంటారు?

ఏడాది పట్టింది. మొదటి పరీక్షకు వేదమణి తన వేలి ఉంగరాన్నే తీసి పెట్టింది. అది ఆమె చదువు ముగించినప్పుడు తల్లి చేయించింది.

“ముప్పైఒక్క సంవత్సరాల ధారణ” అంది యంత్రం. “ఇతరుల స్పర్శ మొత్తం నాలుగు గంటల పది నిమిషాలు.”

“మళ్లీ చూడు.”

“మూడుసార్లు చూశాను. అందులో మూడున్నర గంటలు మొదటి సంవత్సరంలోవే.”

తల్లి ఆసుపత్రిలో ఉన్నది ఆ సంవత్సరమే. వేదమణి ఉంగరాన్ని తిరిగి వేలికి తొడుక్కుని, యంత్రం సరిగానే పనిచేస్తోందని పుస్తకంలో రాసుకుంది.

వర్తకుల సంఘం అధ్యక్షుడు నాగరత్నయ్య కొత్త యంత్రం ప్రదర్శన అంతా శ్రద్ధగా చూశాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

“అంటే డాక్టరమ్మా, ఇంకో చెయ్యి తగల్లేదని ఖాయంగా చెప్తాదా ఇది?”

“చెబుతుంది. ఆ మనిషి ఎంత ఒంటరిగా బతికిందో నిమిషాలతో సహా చెబుతుంది. సిగ్గుపడాల్సిన సంగతి కదా అది?”

“సిగ్గెందుకమ్మా?” నాగరత్నయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మంచి సంగతి కదా.”

నెల తిరక్కుండానే అంగళ్లలో ‘ఏకధారణ’ అని బోర్డులు వెలిశాయి. ఒకే మనిషి జీవితం, ఇంకెవరికీ ఒక్క నిమిషం కూడా పంచనిది, పూర్తిగా మీకే అని ప్రకటనలు. కుటుంబాల మధ్య అరిగిన నగలను కలగూర సరుకని పక్కన పెట్టారు. వాటిలో కొన్ని మళ్లీ కొలిమికి పోయాయి.

“నేను తప్పు చెప్పానా?” అని అడిగింది యంత్రం, వేదమణి రెండు రోజులు దాన్ని ముట్టుకోకపోయేసరికి.

“లేదు. నువ్వు ఉన్నదే చెప్పావు. వాళ్లకేం కావాలో నాకే తెలియలేదు.”

యంత్రం వాడుకోవడానికి సంఘానికి ఇచ్చిన అనుమతి రద్దు చేయమని ఆమె ప్రభుత్వానికి రాసింది. అప్పటికే అలాంటి యంత్రాలు మూడు దేశాల్లో తయారవుతున్నాయని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకునే ఆమె మైదుకూరు రోడ్డుకు వెళ్లింది.

ఓబులమ్మ చిక్కిపోయింది కానీ, ముఖం వెలిగిపోతోంది. “మేడమ్! నా గంటలు మొదటి రకమంట. ఊరంతటికీ నావే. మా చెల్లెలు వస్తానంటే కూడా నేనే వద్దన్నా. వచ్చిందంటే మీద పడి ఏడుస్తాది అది.”

“ఓబులమ్మా, ఇదంతా నేను చేసిన పని. నాతో వచ్చెయ్. నా ఇంట్లో గదులున్నాయి. అక్కడ ఉందువుగాని.”

“వచ్చి ఏం చెయ్యాల మేడమ్? ఇన్నేండ్లలో నేనేం చేసినా ఎవురూ బాగుందనలే. ఇప్పుడు అంటా ఉండారు.”

వేదమణి దగ్గరికి జరిగింది. ముందుకు వంగి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఓబులమ్మ చప్పున రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. వంకీలు గోడకు తగిలి చప్పుడయ్యాయి.

“వద్దు మేడమ్. ఈ నగలేసి పదకొండు నెలలాయె. ఒక్క చెయ్యి తగల్లేదు. ఇప్పుడు చెడగొట్టొద్దండి.”

వేదమణి చెయ్యి గాలిలోనే ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుంది. “కూర్చోవచ్చా?” అని అడిగింది.

“కూచునేదానికైతే ఏమీ కాదు. సాయంత్రం దాకా కూచోండి.” ఓబులమ్మ గొంతులో ఆత్రం దాగలేదు. “ఆ రెండో చాప తీసుకోండి. రోంత దూరంగా, ఆ గోడ పక్కన వేసుకోండి.”